సంఖ్య పెరిగితే సంఘం పెరిగినట్టేనా?



ఆదివారం వచ్చిందంటే తరిగొప్పుల వంటి పల్లె ప్రాంతాల నుండి కొందరు విశ్వాసులు జనగామలోనో హన్మకొండలోనో ఉన్న పెద్ద మందిరాలకు బస్సెక్కుతారు. మరికొందరు ఇంట్లోనే ఫోనులో ఆరాధన చూస్తారు. ఊరి కాపరి మిగిలిన కొద్దిమందికి వాక్యం చెబుతారు. అక్కడ పెరిగిన లెక్క ఇక్కడ తగ్గిన లెక్కే. ఒక దొడ్డిలోని గొర్రెలు ఇంకో దొడ్డికి మారితే మంద పెరగదు.

సంఘం పెరగడం తప్పని మేము అనడం లేదు. పెంతెకొస్తు దినాన మూడు వేలమంది చేర్చబడ్డారు (అపొ.కా. 2:41). అయితే వారు బోధలో, సహవాసంలో, రొట్టె విరుచుటలో, ప్రార్థనలో నిలిచారని లూకా మరుసటి వచనంలోనే రాశాడు. యోహాను 6వ అధ్యాయంలో రొట్టెలు తిన్నవారు వేలమంది; మాట కఠినంగా తోచగానే అనేకులు వెనుదీశారు. జనం తగ్గుతున్నారని ప్రభువు తన మాట మార్చుకోలేదు.

మన తెలుగు సంఘ చరిత్ర కూడా ఈ పాఠమే నేర్పుతుంది. నెల్లూరులోని అమెరికన్ బాప్తిస్టు మిషనులో ఏళ్ళు గడిచినా మారినవారు కొద్దిమందే. 1853లో దానిని మూసివేయాలన్న చర్చ వచ్చింది. అంకెలే కొలత అయితే ఆ సేవ అక్కడే ముగిసేది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే పని తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి చూపించారు. ఎంతోమంది బాప్తిస్మం కోరారు. కాని గింజల కోసం క్రైస్తవులయ్యారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయపు పని ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను గర్వంగా చెప్పుకుంటాం. దాని వెనకున్న ఓర్పును మరచిపోతాం.

మనకు దగ్గరలోని డోర్నకల్‌లో, 1912లో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య కాలంలోనూ పల్లె ప్రజలు పెద్ద ఎత్తున సంఘంలో చేరారు. బాప్తిస్మం పొందినవారిచేత ఆయన తలపై చేయి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పలికించేవారు. చేరినవాడు ప్రేక్షకుడు కాదు, సాక్షి. అక్కడి కెథెడ్రల్ ప్రతిష్ఠ జరిగింది 1939లో. ముందు మనుషులు కట్టబడ్డారు, తరువాత గోడలు.

కాబట్టి సేవను కొలవడానికి యూట్యూబ్ వీక్షణలు, ఫ్లెక్సీలు, కుర్చీల లెక్క చాలవు. వచ్చినవారు క్రీస్తును ఎరుగనివారా, పక్క సంఘం వారా? స్వస్థత రాకపోయినా నిలుస్తారా? తాగుడు మానారా? కులం చూడకుండా ఒకే బల్ల దగ్గరికి వస్తున్నారా? కానుకల లెక్క సంఘం ముందు ఉంచుతున్నారా? కాపరిని ప్రశ్నించగల పెద్దలు ఉన్నారా?

చిన్నదైనంత మాత్రాన సంఘం ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. సోమరితనానికి నమ్మకత్వమని పేరు పెట్టకూడదు. ఈ ప్రశ్నలు చిన్న సంఘానికీ వర్తిస్తాయి.

పెద్ద సంఘాల కాపరులకు మా మనవి: పల్లె నుండి విశ్వాసి వస్తే, అతని కాపరి ఎవరో ముందు అడగండి. ఆ ఇంట్లో అర్ధరాత్రి జబ్బు చేస్తే వెళ్ళేది, ఎవరైనా మరణిస్తే సమాధి దగ్గర నిలిచేది ఆయనే. విశ్వాసులకూ మా మనవి ఒకటి: ఆ కాపరి ఇంటి పొయ్యి వెలుగుతోందో లేదో ఈ వారం కనుక్కోండి.