జాకెట్టు ముక్కకో కూరల సంచి

శ్రావణమాసం నోములూ పేరంటాలూ అయ్యాక ఏ ఇంట్లో బీరువా తీసినా నాలుగైదు జాకెట్టు ముక్కలు బయటపడతాయి. రాజమండ్రి తాడితోటలో టోకున కొని వాయనాల్లో పెట్టినవి. ఏ చీరకీ నప్పవు. పారేద్దామా అంటే పసుపు కుంకుమలతో ఇచ్చినవాయె! అందుకే నేను వాటితో సంచులు కుడుతున్నాను.

"రూపాయి కవరుకి ఇంత శ్రమెందుకమ్మా?" అంది మా పక్కింటి పిన్నిగారు. వేసవిలో గోదావరి కాలువలు కట్టేశాక వంతెన మీంచి ఓసారి తొంగి చూడమన్నాను. అడుగంతా కవర్లే. మన డెల్టాలో ఎన్నో ఊళ్ల మంచినీళ్ల చెరువులు నిండేది ఆ కాలువల్లోంచే కదా!

120 మైక్రాన్లకంటే పల్చని కవర్లను 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధించారు. అయినా కూరల బజార్లో చేతికి అందుతూనే ఉన్నాయి. ఇక బట్టల కొట్లలో ఇచ్చే రంగురంగుల సంచులు చాలావరకు గుడ్డవి కావు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కే. చిన్న ముక్క కాల్చి చూడండి. నూలైతే బూడిదవుతుంది, ఇది కరిగి ముద్దకడుతుంది.

కుట్టే పద్ధతి

ఎనభై సెంటీమీటర్ల జాకెట్టు ముక్కను వెడల్పు సగానికి నిలువుగా కత్తిరిస్తే రెండు పట్టీలొస్తాయి. పల్చటి గుడ్డ కాబట్టి రెండూ ఒకదానిమీదొకటి వేసి, పొడవును సగానికి మడిచి పక్కలు కుట్టాలి. పీచు లేవకుండా అంచులు లోపలికి మడిచి రెండో కుట్టు వేయండి. అడుగు మూలల్ని త్రికోణంగా పట్టి అడ్డంగా కుడితే సంచి పరుచుకుని కూర్చుంటుంది. పిడులకు పాత ప్యాంటు గుడ్డ గట్టిది. నాలుగంగుళాల వెడల్పు, రెండడుగుల పొడవున్న పట్టీని నాలుగు మడతలు పెట్టి కుట్టండి. సంచి మూతి మడిచి కుట్టాక పిడుల కొసలు రెండంగుళాలు కిందికి దించి, చతురస్రంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు వేస్తే ఉల్లిపాయల బరువుకీ ఊడిరాదు. చేపలకు మాత్రం స్టీలు డబ్బానే పట్టుకెళ్లండి.

కొత్త గుడ్డ కొనకండి

ముచ్చటగా ఉన్నాయని కొత్త నూలు సంచులు కొని దాచుకుంటే లాభం లేదు. పత్తి పండించడానికీ, నేయడానికీ ఎంతో ఖర్చవుతుంది. ఒక్కసారి వాడి పారేసే పల్చటి కవరుకంటే కొత్త నూలు సంచి భూతాపం లెక్కలో మెరుగనిపించుకోవాలంటే కనీసం 131 సార్లు వాడాలని బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో లెక్కకట్టింది. ఇంట్లో ఉన్న ముక్కకైతే కొత్తగా పండించేదీ, నేసేదీ ఏమీ లేదు.

అసలు చిక్కు కుట్టడంలో లేదు, గుర్తుపెట్టుకుని తీసుకెళ్లడంలోనే ఉంది. మా నాన్నగారి తరం మగవాళ్లు సంచి లేకుండా బజారుకి వెళ్లేవారు కాదు. ఇప్పటివాళ్లకి అది నామోషీ! అందుకే మా ఇంట్లో ఒక సంచి చెప్పుల స్టాండు పక్క మేకుకి, ఇంకోటి స్కూటరు డిక్కీలో ఉంటాయి. కుట్టడం మనమే చేద్దాం, సరే. పట్టుకెళ్లడం మాత్రం ఇంటిల్లిపాదీ చేయాల్సిందే!