టర్బో గాలి ఒత్తిడిని తగ్గించుట ఎట్లు?

వేములవాడ, చందుర్తి, కోనరావుపేట ప్రాంతములలో నేడు ఎడ్లతో కరిగెట దున్ను రైతులు అరుదైనారు. దుక్కికి ట్రాక్టరు, కోతకు హార్వెస్టరు, వడ్లు తోలుటకు ట్రాలీ అలవాటైనవి. ఈ యంత్రములలో అనేకమునకు టర్బో చార్జరు అమర్చబడియున్నది. బురదలో బలము చాలుట లేదనియో, ట్రాలీ గట్టు ఎక్కుట లేదనియో కొందరు టర్బో కడ్డీని బిగింపించి, డీజిల్ పంపు సీలు తీయించి యంత్రము బలమును పెంచుకొనుచున్నారు. కొన్ని దినములు బండి చురుకుగ నడచును. తరువాత హెడ్ గాస్కెట్టు పోవుట, రేడియేటరులో బుడగలు వచ్చుట, గాలి గొట్టములు ఊడుట మొదలగును. అప్పుడు ఒత్తిడిని తగ్గింపవలెనని మెకానిక్కు కడకు పరుగెత్తుదురు.

ఒత్తిడిని తగ్గించుట చిన్న పనియే. కాని వరుస తప్పి తగ్గించినచో యంత్రమునకు మేలు కలుగకపోగా పిస్టన్లు కాలిపోవు ప్రమాదము కలదు. ఆ వరుసను ప్రతి యజమానియు తెలిసికొనుట అవసరము.

టర్బో చేయు పని

ఒక లీటరు డీజిల్ పూర్తిగా మండుటకు దాదాపు 12 కిలోల గాలి కావలెను. అనగా 10 వేల లీటర్లకు పైబడిన గాలి. పొగ రాకుండ మండవలెనన్న ఇంతకంటె ఇంకను హెచ్చు గాలి ఉండవలెను. సిలిండరు తనంతట తాను పీల్చుకొను గాలికి మితి కలదు. ఆ మితిని దాటించుటకే టర్బో ఏర్పడినది. స్విట్జర్లండు దేశపు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లో ఈ పద్ధతికి పేటెంటు పొందెను.

యంత్రము నుండి వెలువడు వేడి పొగవాయువు టర్బోలోని ఒక చక్రమును త్రిప్పును. అదే ఇరుసుకు రెండవ కొనయందున్న మరియొక చక్రము బయటి గాలిని నొక్కి సిలిండర్లలోనికి పంపును. ఈ ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు పైగా తిరుగుట కలదు. ఇట్లు నొక్కబడిన గాలికి బయటి గాలికంటె హెచ్చుగ నుండు ఒత్తిడినే బూస్టు అందురు. గేజిపై దీనిని బారులలో గాని, చదరపు అంగుళమునకు పౌండ్లలో గాని చూపుదురు. ఒక బారు 14.5 పౌండ్లకు సమానము.

వేస్ట్‌గేటు - టర్బోకు మత్తడి

మన చెరువులకు మత్తడి ఎందులకు కట్టిరో మీరు ఎరుగుదురు. నీరు హద్దు మీరినపుడు మత్తడి దుంకును, కట్ట నిలుచును. మత్తడిపై ఇసుక సంచులు పేర్చినచో నీరు హెచ్చును, కట్ట తెగు భయమును హెచ్చును.

టర్బోకు వేస్ట్‌గేటు అట్టిదే. అయితే ఒక భేదము కలదు. మత్తడి చెరువు నీటినే వదలును. వేస్ట్‌గేటు నొక్కబడిన గాలిని వదలదు. చక్రమును త్రిప్పవలసిన పొగవాయువులో కొంత భాగమును ప్రక్క త్రోవన పంపివేయును. అందువలన చక్రము వేగము హద్దులో నుండును, బూస్టు మించదు.

ఈ ప్రక్క త్రోవకు ఒక చిన్న మూత కలదు. దానిని కదలించు కడ్డీ యాక్చుయేటరు అను గుండ్రని డబ్బాలోనికి పోవును. డబ్బాలో ఒక రబ్బరు పొర, ఒక స్ప్రింగు ఉండును. స్ప్రింగు మూతను మూసి పట్టును. టర్బో నుండి సన్నని గొట్టము ద్వారా వచ్చు గాలి, పొరను నెట్టి, స్ప్రింగును ఓడించి కడ్డీని బయటకు త్రోయును. అప్పుడు మూత తెరచుకొనును.

సాధారణముగ వాడుకలోనున్న ఈ అమరికలో కడ్డీ పొట్టిదైనచో స్ప్రింగు హెచ్చుగ బిగిసి మూత ఆలస్యముగ తెరచుకొనును, బూస్టు పెరుగును. కడ్డీ పొడవైనచో మూత ముందుగ తెరచుకొనును, బూస్టు తగ్గును. మత్తడిని ఎత్తుట, దించుట యనగా ఇదియే.

ముందుగ మీ యంత్రము ఏ తరగతిదో చూడుడు

టర్బోలు మూడు విధములుగ నుండును. కొన్నిటికి వేస్ట్‌గేటే ఉండదు. డబ్బా, కడ్డీ కనబడనిచో సవరించుటకు ఏమియు లేదని గ్రహింపుడు. అట్టివానిలో డీజిల్‌ను సరైన పరిమాణమునకు తెచ్చినచో బూస్టు కూడ సరియగును. రెండవ విధము పైన చెప్పిన గాలి డబ్బా, కడ్డీ గలవి. ఈ వ్యాసములోని సవరణ వీనికే వర్తించును.

మూడవ విధము కంప్యూటరు ఆజ్ఞపై నడచునవి. 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి ట్రెమ్-4 కాలుష్య ప్రమాణములు అమలులోనికి వచ్చిన పిమ్మట ఎలక్ట్రానిక్ పద్ధతిన డీజిల్ అందించు యంత్రములు విరివిగ వచ్చినవి. వీనిలో కడ్డీని తాకరాదు. కంప్యూటరు తాను కోరిన ఒత్తిడి రానిచో హెచ్చరిక దీపము వెలిగించి యంత్రము బలమును తానే తగ్గించివేయును. అట్టి బండిని కంపెనీ వారి పరికరముతోనే పరీక్షింపవలెను.

కొలువనిదే సవరింపరాదు

చెవికి వినబడు ఈలను బట్టియో, పొగ రంగును బట్టియో బూస్టు ఇంత యని చెప్పుట సాధ్యము కాదు. టర్బో నుండి మానిఫోల్డునకు పోవు మార్గమున ఒక టి-జాయింటు వేసి గేజి తగిలింపవలెను. గేజి డ్రైవరు కూర్చుండిన చోటికి కనబడునట్లు పొడుగు గొట్టము అమర్చవలెను. గేజి చూచుటకై మరియొక మనిషిని మడ్‌గార్డుపై ఎక్కించుకొనరాదు. గొట్టము తిరుగు భాగములకు, వేడి భాగములకు తగులరాదు.

బండి నిలిపి యాక్సిలరేటరు త్రొక్కినంతమాత్రమున బూస్టు పూర్తిగా రాదు. రోటవేటరు నేలలో దిగి, యంత్రము పూర్తి భారము మోయునపుడు సూది నిలకడగ చూపు సంఖ్యయే లెక్క. ఆ సంఖ్యను, పొలమును, గేరును పుస్తకములో వ్రాసికొనుడు. మీ మోడలునకు ఎంత బూస్టు ఉండవలెనో వర్క్‌షాపు పుస్తకమునందు చూచి గాని, డీలరును అడిగి గాని తెలిసికొనుడు. పొరుగువాని బండి లెక్క మీ బండికి పనికిరాదు.

బూస్టు మించుటకు కారణము వెదకుడు

బూస్టు హెచ్చుగ నున్నంతనే కడ్డీ పొట్టిదైనదని తలచరాదు. ఈ మూడింటిని ముందుగ చూడవలెను.

మొదటిది, టర్బో నుండి డబ్బాకు పోవు సన్న గొట్టము. ఇది పగిలినను, ఎలుక కొరికినను, మడత పడినను డబ్బాకు గాలి అందదు, మూత తెరచుకొనదు. కొద్ది రూపాయల గొట్టము మార్చినంతనే బూస్టు సరియగుట కలదు.

రెండవది, డబ్బాలోని పొర. గేజి గల చేతిపంపుతో మెల్లగ గాలి ఎక్కించి చూడవలెను. నిర్ణీత ఒత్తిడికి కడ్డీ కదలవలెను, ఒక నిమిషము వరకు గాలి నిలువవలెను. గాలి దిగిపోయినచో పొర చినిగినదని అర్థము. డబ్బాను మార్చవలెను. టైర్లకు గాలి కొట్టు కంప్రెసరును నేరుగ తగిలించినచో మంచి పొర కూడ చినుగును.

మూడవది, మూత. యంత్రము చల్లారిన పిదప కడ్డీని పిన్ను నుండి తీసి, లీవరును చేతితో కదలింపుడు. అది మసి పట్టి బిగిసియున్నచో దానిని శుభ్రపరచవలెను. బిగిసిన మూతను కడ్డీ పొడవు సరిచేయలేదు.

గాలికంటె ముందు డీజిల్

ఈ వ్యాసములో ముఖ్యమైన మాట ఇదియే. పంపులో డీజిల్ హెచ్చుగ నుండగ గాలిని మాత్రము తగ్గింపరాదు. డీజిల్ అంతే పడి, గాలి తగ్గినచో అది సరిగ మండక నల్లపొగ కక్కును. పొగవాయువు వేడి పెరుగును. పిస్టన్లు, వాల్వులు, టర్బో చక్రము ఆ వేడికి దెబ్బతినును. మండని డీజిల్ సిలిండరు గోడల వెంబడి ఇంజను ఆయిలులో దిగి దానిని పలుచపరచును. గాస్కెట్టును కాపాడబోయి ఇంజనునే పోగొట్టుకొన్నట్లగును. హార్వెస్టరు విషయములో ఇంకొక ముప్పు కలదు. మిక్కిలి వేడెక్కిన పొగగొట్టముపై పొట్టు, గడ్డి చేరినచో నిప్పు పుట్టి కోతకు వచ్చిన చేను కూడ తగులబడవచ్చును.

కావున పంపు సీలు తీసియున్నచో, లేక పూర్వపు యజమాని తీయించెనని అనుమానము కలిగినచో, ముందు పంపును డీజిల్ పంపు దుకాణమునకు పంపి, టెస్టు బెంచిపై కంపెనీ లెక్కకు సరిచేయించి సీలు వేయింపవలెను. డీజిల్ తగ్గినంతనే పొగవాయువు శక్తి తగ్గును, చక్రము నెమ్మదించును, బూస్టు తానే కొంత దిగును. పిమ్మట మరల కొలువుడు. కడ్డీని తాకు అవసరమే రాకపోవచ్చును.

డీజిల్ హెచ్చుగ పడుచున్నదో లేదో తెలిసికొనుటకు ఒక ఉపాయము కలదు. ట్యాంకు నిండుగ పోసి, పూర్తి భారముతో కొన్ని గంటలు నడిపి, మరల నింపుటకు ఎన్ని లీటర్లు పట్టినదో చూడుడు. మధ్యప్రదేశ్‌లోని బుధ్ని, అనంతపురము జిల్లాలోని గార్లదిన్నె కేంద్రములలో ప్రభుత్వము ట్రాక్టర్లను పరీక్షించి, గంటకు పట్టు డీజిల్‌ను నివేదికలలో ప్రకటించుచుండును. మీ లెక్క దానికి మిక్కిలి మించినచో పంపును అనుమానింపవలెను.

కడ్డీని సవరించు విధము

పై పనులన్నియు ముగిసిన తరువాత కూడ బూస్టు పుస్తకపు లెక్కకు మించియున్నచో ఈ క్రింది విధముగ చేయవలెను.

1. ఇంజనును ఆపి పూర్తిగా చల్లారనిండు. వేడి టర్బోను తాకినచో చేయి కాలును.

2. కడ్డీపై ప్రస్తుతపు స్థానమును రంగుతో గుర్తింపుడు. బయటికి కనబడు మర చుట్లను లెక్కించి వ్రాసికొనుడు.

3. లాకునట్టును వదులు చేయుడు. ఆ సమయమున కడ్డీని గట్టిగ పట్టుకొనవలెను. కడ్డీ మెలి తిరిగినచో లోపలి పొర చినుగును.

4. కొనయందలి క్లిప్పును తీసి, కన్నును పిన్ను నుండి తప్పించి, కడ్డీ పొడవగునట్లు అర చుట్టు లేక ఒక చుట్టు మాత్రమే త్రిప్పుడు. 6 మి.మీ. మర గల కడ్డీ సాధారణముగ ఒక చుట్టునకు 1 మి.మీ. మారును.

5. కన్నును మరల పిన్నుపై ఎక్కించునపుడు కడ్డీని కొంచెము లాగవలసిరావలెను. లాగకుండనే ఎక్కినచో మూతను మూసి పట్టు బిగువు పోయినట్లే. అదియే హద్దు. అంతకు మించి పొడిగించినచో మూత ఎల్లప్పుడు కొంత తెరచుకొని, బండికి ఆరంభపు బలము పోవును, నల్లపొగ వచ్చును. అప్పటికిని బూస్టు దిగనిచో స్ప్రింగు మీ మోడలుకు తగినది కాదు. సరియైన డబ్బాను వేయింపుడు.

6. క్లిప్పు పెట్టి, లాకునట్టు బిగించి, అదే పొలములో, అదే గేరులో, అదే లోతున దున్ని మరల కొలువుడు.

ఉదాహరణకు పుస్తకమునందు 0.9 బారు అని యుండి, గేజి 1.2 బారు చూపినదనుకొందము. ఒక చుట్టు త్రిప్పి కొలిచినపుడు 1.1 వచ్చినచో మరియొక చుట్టు త్రిప్పి చూడుడు. 0.9 వద్ద ఆపుడు. అంతకంటె తగ్గించుట మంచిదను భ్రమ వలదు. మత్తడిని మరీ దించినచో చెరువు ఆయకట్టుకు చాలదు గదా.

యాసంగి కోతలలో జాగ్రత్తలు

45 డిగ్రీల ఎండలోని గాలి 15 డిగ్రీల చలిగాలికంటె దాదాపు పదియవ వంతు పలుచగ నుండును. అందువలన చలి ఉదయమున పొగ లేకుండ నడచిన బండి ఏప్రిల్ మధ్యాహ్నము కొంత పొగ చూపవచ్చును. అప్పుడు కడ్డీ జోలికి పోక, గాలి ఫిల్టరును, రేడియేటరు జాలీని శుభ్రపరుపుడు. టర్బో చుట్టును పేరిన పొట్టును ప్రతిదినము తుడువుడు. భారీ పని ముగిసిన తరువాత ఇంజనును రెండు మూడు నిమిషములు నెమ్మదిగ నడిపి ఆపుడు. లేనిచో టర్బో బేరింగుకు ఆయిలు అందక, ఉన్న ఆయిలు మాడిపోవును. నల్లపొగ డీజిల్ హెచ్చుకు లేక గాలి తక్కువకు గుర్తు. నీలిపొగ ఇంజను ఆయిలు మండుచున్నదనుటకు గుర్తు. నీలిపొగను కడ్డీ సవరణ మాన్పలేదు.

గ్రామాధికారులకు

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. బలము పెంచుటకు పంపును, టర్బోను మార్పించువారికి వారంటీ చిక్కులును కలుగును. యంత్రమును కంపెనీ లెక్కకు మరల తెచ్చుకొనుటకు ఈ భయము లేదు. విస్తరణాధికారులు రైతు వేదికల సమావేశములలో ఈ విషయమును చర్చింపజేసి, ఒక మంచి గేజిని, టి-జాయింటును ఉమ్మడిగ కొని ఉంచుకొనునట్లు ట్రాక్టరు యజమానులను ప్రోత్సహింపవచ్చును. కిరాయికి యంత్రములు నడుపు కేంద్రములు ప్రతి బండికి ఒక పుస్తకము పెట్టి, సీజను ఆరంభమున బూస్టును, గంటకు పట్టు డీజిల్‌ను వ్రాయించుట మేలు. తరువాత తేడా వచ్చినపుడు అది ఎప్పుడు వచ్చినదో ఆ పుస్తకమే తెలుపును.

రైతు సోదరులారా! ముందు కొలత, తరువాత కారణము, ఆ పిమ్మట డీజిల్, చివరకు కడ్డీ. ఈ వరుసను పాటించినచో కోతల నడుమ బండి పొలములో నిలిచిపోవు నష్టమును తప్పించుకొనగలరు.