పచ్చసొనలో దాగిన ప్రతిరక్షకాలు

"రోజూ గ్రుడ్డు తింటే కడుపులోని పుండు మానిపోతుందట, నిజమేనా సార్?" అని ఈ మధ్య తరగతి ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి నన్ను ప్రశ్నించాడు. అతని తండ్రి చాలాకాలంగా కడుపునొప్పితో బాధపడుతున్నాడు. ఎవరో చెప్పిన మాట విని, డాక్టరు వ్రాసిన మందులను నడుమ ఆపివేసి గ్రుడ్లనే నమ్ముకొన్నాడు. నేను సాహిత్యం బోధించేవాడనే గాని వైద్యుణ్ణి కాను. అయినా ఆ ప్రశ్న నన్ను గ్రంథాలయానికి నడిపించింది. అక్కడ తెలిసికొన్న విషయాలను విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కడుపులో పుండ్లకు కారం, మానసికాందోళన, ఆమ్లం అధికంగా ఊరడం మాత్రమే కారణాలని ఒకప్పుడు వైద్యులు భావించేవారు. అంతటి ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బ్రతకజాలదని వారి విశ్వాసం. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి చెందిన రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే వైద్యులు ఈ విశ్వాసాన్ని తలక్రిందులు చేశారు. 1982లో వారు రోగుల జీర్ణాశయం నుండి మెలితిరిగిన ఆకారంగల బాక్టీరియాను సేకరించి ప్రయోగశాలలో పెంచగలిగారు. పలువురు నమ్మకపోగా, 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను కలిపిన ద్రవాన్ని స్వయంగా త్రాగి, జీర్ణాశయపు వాపును కొనితెచ్చుకొని తన వాదానికి బలం చేకూర్చాడు. వీరిద్దరికీ 2005లో నోబెల్ బహుమానం లభించింది.

ఈ బాక్టీరియా పేరు హెలికోబాక్టర్ పైలోరి. ఇది యూరియేజ్ అనే ఎంజైమును తయారు చేసికొంటుంది. ఆ ఎంజైము యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టిస్తుంది. అమ్మోనియా చుట్టుప్రక్కల ఆమ్లాన్ని చల్లబరుస్తుంది. శత్రువు కోటలోనే ఈ జీవి తనకొక కవచాన్ని నిర్మించుకొంటున్నదన్నమాట! ఆ కవచాన్ని ఛేదించడమెలా? ఇక్కడే కోడిపెట్ట రంగప్రవేశం చేస్తుంది.

మానవశిశువుకు తల్లి తన రోగనిరోధకశక్తిని గర్భంలో ఉండగానే మాయ ద్వారా, ఆపై చనుబాల ద్వారా అందిస్తుంది. కోడిపిల్లకు ఆ అవకాశం లేదు. అందుచేత తల్లి తన రక్తంలోని ప్రతిరక్షకాలను ముందుగానే పచ్చసొనలో భద్రపరుస్తుంది. టెటనస్ విషానికి అలవాటుపరచిన కోళ్ల రక్షణశక్తి పచ్చసొనలోనికి చేరుతుందని 1893లోనే జర్మనీకి చెందిన ఫెలిక్స్ క్లెంపెరర్ నిరూపించాడు. ఈ ప్రతిరక్షకాలనే నేడు 'ఐజివై' అంటున్నారు. ఒక్కొక్క గ్రుడ్డులో ఇవి సుమారు 50 నుండి 100 మిల్లీగ్రాముల వరకు ఉంటాయి. కోడికి యూరియేజ్‌ను టీకాగా వేస్తే, కొన్ని వారాలలో దానిని గుర్తుపట్టి అంటిపెట్టుకొనే ప్రతిరక్షకాలు పచ్చసొనలో చేరుతాయి. వాటికోసం జంతువుల రక్తం తీయవలసిన పని లేదు.

ఆకలి తీర్చడమే గాక ఆరోగ్యానికి ప్రత్యేకమైన మేలు చేసేందుకు ఉద్దేశించిన ఆహారాలకు జపాన్ ప్రభుత్వం 1991లోనే నియమావళిని ఏర్పరచింది. ఆ దేశంలో ఈ పచ్చసొన ప్రతిరక్షకాలను పెరుగుతో చేసిన పానీయంలో కలిపి పరీక్షించారు. 2004లో ప్రకటితమైన ఒక పరిశోధనలో 42 మంది పాల్గొన్నారు. ఊపిరిని పరీక్షించి బాక్టీరియా ఉధృతిని అంచనా వేయగా, ఈ పానీయం సేవించినవారిలో అది తగ్గినట్లు కనుగొన్నారు. అయితే తగ్గడం వేరు, నిర్మూలం కావడం వేరు.

ఇక మన విద్యార్థి ప్రశ్నకు వద్దాం. బజారులో కొనే గ్రుడ్డు ఈ పని చేయదు. మొదటి కారణం, ఆ కోడికి ఈ బాక్టీరియాకు సంబంధించిన టీకా వేయలేదు. రెండవది, గ్రుడ్డును ఉడికించినప్పుడు ప్రతిరక్షకాలు నశిస్తాయి. పచ్చిగా త్రాగుదామంటే సాల్మొనెల్లా వంటి క్రిముల భయం ఉన్నది. మూడవది, జీర్ణాశయంలోని ఆమ్లమూ, పెప్సిన్ అనే ఎంజైమూ ప్రతిరక్షకాలను దెబ్బతీస్తాయి. గ్రుడ్డు పడనివారికి ఈ ప్రత్యేక పానీయం కూడా పనికిరాదు.

మరి ఈ పరిశోధన వలన ప్రయోజనమేమి? యాంటీబయాటిక్ మందులను అరకొరగా వాడడం వలన బాక్టీరియా వాటికి లొంగకుండా పోతున్నది. క్లారిత్రోమైసిన్‌కు లొంగని హెలికోబాక్టర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ప్రమాదకర క్రిముల జాబితాలో చేర్చింది. భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి సారథ్యంలో 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. ఆ కుటుంబానికే చెందిన టెట్రాసైక్లిన్‌ను నేటికీ ఈ వ్యాధి చికిత్సలో వాడుతున్నారు. ఇట్టి అమూల్యమైన మందుల శక్తి సన్నగిల్లుతున్న వేళ, వాటికి తోడుగా నిలువగల ప్రతి సాధనమూ విలువైనదే. కాని తోడు వేరు, ప్రత్యామ్నాయం వేరు.

"గ్రుడ్డు మంచి ఆహారం, తినమను. కాని రేపే మీ నాన్నగారిని మళ్లీ డాక్టరు వద్దకు తీసికొనివెళ్లు. ఈసారి మందులు చివరి మాత్ర వరకు వాడించు" అని ఆ విద్యార్థికి చెప్పాను. సగం తెలిసిన సత్యం ఒక్కొక్కప్పుడు అసత్యం కంటె ఎక్కువ కీడు చేస్తుంది. ఆ మిగిలిన సగాన్ని వెదకి ఇంటికి చేర్చడమే చదువుకొన్నవారి బాధ్యత.