రాగం లేని మాటకు మెట్లు
ర్యాప్ కలిసిన పాప్ పాటను పియానో ఒక్కదాని మీదికే తేవాలంటే పల్లవి సులువే. చిక్కంతా చరణాల్లోనే ఉంది.

పల్లవి వరకు ఎవరైనా లాగించేస్తారు. జే-జీ, అలీషియా కీస్ 2009లో విడుదల చేసిన 'ఎంపైర్ స్టేట్ ఆఫ్ మైండ్'నే తీసుకోండి. న్యూయార్క్‌ను ఆకాశానికెత్తే ఈ పాట అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో ఐదు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. కీస్ గొంతెత్తి పాడే పల్లవిలో అసలే పియానో ఉంది. కుడిచేతికి రాగం, ఎడమచేతికి కార్డ్స్ ఇస్తే సరి. కానీ చరణాన్ని జే-జీ అందుకునేసరికి వాయించేవారి చేతులు గాల్లో ఆగిపోతాయి. రాగమేదీ?

ర్యాప్‌లో స్వరం ఉండదని కాదు. మాట్లాడేటప్పుడు గొంతు పైకీ కిందికీ పోతూనే ఉంటుంది. ఆ కదలిక రెండు మెట్ల మధ్య సందులోంచి జారిపోతుంది, అంతే. పియానోకు చిక్కేవి లయ, ప్రాస.

అందుకే చాలామంది అడ్డదారి తొక్కుతారు. ర్యాప్‌ను ఎత్తేసి, దాని కింద నడిచే కార్డ్స్‌ను నాలుగుసార్లు తిప్పి మళ్లీ పల్లవికి వచ్చేస్తారు. వినడానికి హాయిగానే ఉంటుంది, హోటల్ లాబీలో సంగీతంలా. పాటకు పొగరు తెచ్చిన మనిషి మాత్రం అందులో కనిపించడు. కీస్ కూడా అదే ఏడాది డిసెంబర్‌లో వచ్చిన తన ఆల్బమ్‌లో ర్యాప్ లేకుండా ఈ పాట రెండో భాగం పాడారు. అయితే చరణాలను ఖాళీగా వదల్లేదు. కొత్త మాటలు, కొత్త వరస పెట్టుకున్నారు. గొంతు లేని పియానోకు ఆ వెసులుబాటు ఎక్కడిది?

మెరుగైన దారి మన కచేరీల్లోనే ఉంది. విద్వాంసుడు తకధిమి అంటూ నోటితో జతులు చెబుతుంటే, ఇందులో రాగం లేదని ఎవరూ లేచిపోరు. ర్యాప్‌నూ జతిలాగే చూడాలి. ముందు మాటల అర్థం పక్కనపెట్టి అక్షరాల లెక్క రాసుకోవాలి: ఎక్కడ తొందర, ఎక్కడ నిలుపు, ఎక్కడ తాళం దెబ్బకంటే కాస్త ముందే దూకడం. ఆ లయను కుడిచేతికిచ్చి రెండు మూడు స్వరాలతోనే సరిపెట్టాలి. అంతకు మించితే లేని రాగాన్ని అతికించినట్టవుతుంది. ప్రాస పడినచోట మాత్రం రెండు చేతులూ కలిసి గట్టిగా పడాలి. మాట లేకపోయినా ప్రాస వినిపిస్తుంది. ఈ పాట ఎఫ్ షార్ప్ మేజర్‌లో ఉండటం ఒక సౌలభ్యం. ఐదు నల్ల మెట్లూ ఆ స్కేల్‌లోవే. ర్యాప్ అంతా వాటిమీదే నడిపినా అపశ్రుతి భయం తక్కువ.

డ్రమ్స్, బేస్ రెండు పనులూ ఎడమచేతివే. మంద్రస్థాయిలో ఒక బరువైన దెబ్బ, రెండో, నాలుగో దెబ్బల మీద పొట్టిగా ఒక కార్డ్. ర్యాప్ నడుస్తున్నంతసేపూ పెడల్ మీంచి కాలు తీసేయాలి. లేకుంటే అక్షరాలు ముద్దయిపోతాయి. పల్లవి రాగానే తొక్కితే ఆ తేడాకే పాట ఒక్కసారిగా విచ్చుకుంటుంది.

వాద్యం కూడా సహకరించాలి. సెకనుకు ఐదారుసార్లు ఒకే మెట్టు కొట్టాల్సి వస్తుంది. ఒకే వేలితో కొడితే చెయ్యి బిగుసుకుపోతుంది, వేళ్లు మార్చుకోవాలి. ఎరార్ సంస్థ 1821లో పేటెంట్ పొందిన డబుల్ ఎస్కేప్‌మెంట్ ఏర్పాటు పుణ్యమా అని గ్రాండ్ పియానోలో మెట్టు పూర్తిగా పైకి లేవకముందే మళ్లీ కొట్టొచ్చు. గోడకు ఆనించే అప్‌రైట్ పియానోల్లో సాధారణంగా ఈ సదుపాయం ఉండదు. అలాంటి వాటిమీద పక్క మెట్టుతో మార్చి మార్చి కొట్టడం మేలు.

ఇంతా చేసి నొటేషన్‌ను అచ్చేసి అమ్ముదామనుకుంటే ఇంకో గడప దాటాలి. భారత కాపీరైట్ చట్టం (1957) ప్రకారం సంగీత రచనకు చేసే అరేంజ్‌మెంట్ కూడా 'అడాప్టేషన్' కిందికే వస్తుంది, హక్కుదారుల అనుమతి తప్పదు. 'ఎంపైర్ స్టేట్'లో 1970 నాటి ది మూమెంట్స్ బృందం పాట తునక కూడా ఉంది. అంటే అడగాల్సినవారి జాబితా మరింత పెద్దదే.