చెట్టునీడలోని రంగులు

ఉద్దానం తీరాన జీడితోటలు, కొబ్బరితోటలు విస్తారంగా ఉన్నవి. వేసవి మధ్యాహ్నం ఆ తోటల నీడ ఏ రంగులో ఉంటుందని అడిగితే చాలామంది విద్యార్థులు నలుపు అంటారు. 19వ శతాబ్దిలో పారిస్ ప్రేక్షకుల అభిప్రాయమూ ఇంచుమించు అదే.

1876లో రెన్వార్ అనే ఫ్రెంచి చిత్రకారుడు పారిస్‌లోని ఒక ఉద్యానంలో, ఆదివారంనాడు చెట్లకింద జనం నాట్యం చేస్తూ, కబుర్లు చెప్పుకొంటూ ఉండగా చిత్రించాడు. ఈ చిత్రం ‘మూలాఁ ద లా గాలెట్ వద్ద నాట్యం’ అనే పేరుతో ప్రసిద్ధం. ఇందులో నీడలు నీలంగా, ఊదాగా ఉన్నవి. దుస్తులపైన, నేలపైన వెలుగుమచ్చలు పడినవి. ఇటువంటి చిత్రకారులను ఇంప్రెషనిస్టులు అంటారు. ఆ ఏడే ప్రదర్శింపబడిన రెన్వార్ చిత్రంలో, ఎండలోని స్త్రీ దేహంపై పచ్చని, ఊదా మచ్చలను చూచి, ఆల్బెర్ వోల్ఫ్ అనే విమర్శకుడు అది కుళ్ళుతున్న శరీరంలా ఉన్నదని ఎగతాళి చేశాడు.

ఇద్దరిలో ఎవరిది ఒప్పు? నీడలో సూర్యకిరణాలు నేరుగా పడవు. ఆకాశపు వెలుతురు మాత్రం పడుతుంది. గాలిలోని అణువులు నీలికాంతిని ఎక్కువగా వెదజల్లుతాయని రేలీ 1899లో వివరించాడు. కావున ఆరుబయటి నీడకు నీలిఛాయ, ఆకులకింది నీడకు పచ్చఛాయ వస్తాయి. పైగా పసుపు వెలుగు పక్కన బూడిదరంగు ఊదాగా తోస్తుంది. ఇటువంటి రంగుల పోలికను షెవ్రోల్ 1839లోనే సూత్రీకరించాడు. తెల్లచొక్కా తెల్లనిదే అని ముందే ఎరిగిన మన మనస్సు ఈ తేడాలను సరిదిద్దుకొంటుంది. రెన్వార్ అలా సరిదిద్దక, కంటికి తోచినదే వేశాడు.

ఇక వెలుగుమచ్చల సంగతి. ఆకుల మధ్య చిన్నసందు ఏ ఆకారంలో ఉన్నా మచ్చ గుండ్రంగానే పడుతుంది. అది సూర్యుని ప్రతిబింబం! పాక్షికగ్రహణం నాడు ఈ మచ్చలన్నీ నెలవంకలవుతాయి. సందునుండి మచ్చకు గల దూరాన్ని 108తో భాగిస్తే మచ్చ వెడల్పు సుమారుగా తెలుస్తుంది. 5 మీటర్ల దూరానికి నాలుగున్నర సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ.

పలాస, టెక్కలి ప్రాంత ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఈ పరీక్ష చేయించవచ్చును. ఎండలో తెల్లకాగితం పరచి, దానిపై కర్రనీడ పడనిచ్చి, ఆ రంగును జీడిచెట్టుకింది మరొక కాగితపు రంగుతో పోల్చవలెను. తరువాత స్కేలుతో మచ్చ వెడల్పు కొలిచి, 108తో హెచ్చించి, సందు ఎంత దూరాన ఉన్నదో లెక్కకట్టవలెను. మచ్చ కోలగా ఉంటే ఇరుకువైపు కొలత తీసికొనవలెను. సందులోనుండి సూర్యునివైపు మాత్రం ఎన్నడూ చూడరాదు.