మెరిసే కార్బురేటర్ లోపల ఏముంది?

పాత పద్మిని కారు పొద్దున్నే ఓ పట్టాన స్టార్టవదు. స్టార్టయినా నిలకడగా తిరగదు. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజినూ ఆగిపోతుంది. బోనెట్ ఎత్తితే గుప్పున పెట్రోలు వాసన. కార్బురేటర్ మాత్రం కొత్తదానిలా తళతళలాడుతూ ఉంటుంది. ఎందుకంటే అది రెండేళ్ల కిందటే ‘రీకండిషన్’ చేసింది కొని బిగించినది. పాత కార్లను ఇష్టంగా చూసుకునేవారికి ఇది బాగా తెలిసిన చిక్కు. ఎవరూ విప్పని పాత కార్బురేటర్‌ను బాగుచేయడం కంటే, ఒకసారి ఎవరో బాగుచేసినదాన్ని మళ్ళీ బాగుచేయడం కష్టం.

కారణం తెలియాలంటే ముందు ఈ పరికరం చేసే పని చూడాలి. ఇంజిన్ పీల్చుకునే గాలి కార్బురేటర్‌లోని ఇరుకైన గొంతు గుండా వెళుతుంది. ఇరుకులో గాలి వేగం పెరుగుతుంది, దాని పీడనం తగ్గుతుంది. డేనియల్ బెర్నౌలీ 1738లో వివరించిన సూత్రమే ఇది. ఆ గొంతుకు ఇటలీ భౌతిక శాస్త్రవేత్త వెంచురీ పేరు నిలిచిపోయింది. పక్కనే ఉన్న చిన్న గిన్నెలో పెట్రోలు ఉంటుంది. గాలి పెట్రోలును లాగుతుందని అంటుంటాం గానీ, నిజానికి గిన్నె మీదున్న వాతావరణ పీడనమే దాన్ని తక్కువ పీడనమున్న గొంతులోకి నెడుతుంది. ఎంత పెట్రోలు వెళ్లాలో నిర్ణయించేది జెట్ అనే చిన్న ఇత్తడి మర. దాని నడుమ సన్నని రంధ్రం ఉంటుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఎలక్ట్రానిక్స్ ఏమీ లేకుండా, ఇన్ని రంధ్రాలూ పీడనాల తేడాలూ కలిసి ఈ లెక్క కుదురుస్తాయి. అందుకే ఒక్క రంధ్రం మారినా మొత్తం లెక్క తప్పుతుంది.

ఇక రీకండిషన్ సంగతి. చెన్నై పుదుప్పేట, ఢిల్లీ మాయాపురి లాంటి తుక్కు బజార్లకు పాత కార్ల భాగాలు కుప్పలుగా వస్తాయి. పెద్ద ఎత్తున బాగుచేసేచోట కార్బురేటర్లను ఒకదాని తర్వాత ఒకటి విప్పి, భాగాలను కలిపి ఒకే రసాయనంలో ముంచి, చేతికందినవాటితో తిరిగి బిగించేస్తారు. పైమూత ఒక బండిది, బాడీ మరో బండిది, జెట్లు ఇంకెక్కడివో కావచ్చు. చూపుకు అన్నీ ఒకేలా ఉంటాయి. కాబట్టి ఈ పనిలో మొదట పట్టాల్సింది పానా కాదు, భూతద్దం. బాడీ మీది అంకెలు, ప్రతి జెట్ మీదా చెక్కిన అంకె చూసి, ఆ మోడల్ సర్వీసు పుస్తకంతో పోల్చుకోవాలి.

అంకె కూడా అబద్ధం చెప్పవచ్చు. సోలెక్స్ రకం కార్బురేటర్లలో జెట్ మీది 120 అంటే రంధ్రం వ్యాసం 1.20 మిల్లీమీటర్లు. దుమ్ము అడ్డుపడిందని ఎవరో తీగ పెట్టి పొడిచి ఉంటే, లేదా ‘పికప్ రావాల’ని సన్నటి డ్రిల్‌తో రంధ్రం పెంచి ఉంటే, అది 1.30 అయిందనుకోండి. కంటికి తేడా తెలియదు. కానీ వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది కనుక అది సుమారు 17 శాతం పెరిగినట్టే. ఇత్తడి మెత్తటి లోహం, తీగతో శుభ్రం చేయడమంటే దాన్ని అరగదీయడమే. కొలత తెలిసిన పిన్ గేజ్‌తో రంధ్రాన్ని పరీక్షించి, అనుమానమొస్తే జెట్ మార్చేయడం మేలు.

అసలు దోషి చాలాసార్లు జెట్ కాదు, థ్రాటిల్ ఇరుసు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా తిరిగే ఈ ఉక్కు ఇరుసు, మెత్తటి జింకు మిశ్రలోహపు బాడీని ఏళ్ల తరబడి అరగదీస్తుంది. 8 మిల్లీమీటర్ల ఇరుసు చుట్టూ 0.1 మిల్లీమీటరు సందు పడితే, ఆ సందు వైశాల్యం దాదాపు 2.5 చదరపు మిల్లీమీటర్లు. అంటే 1.8 మిల్లీమీటర్ల రంధ్రం పొడిచినట్టు. ఇరుసుకు రెండు కొసలుంటాయి కనుక అలాంటివి రెండు. వేగంగా వెళుతున్నప్పుడు ఈ దొంగగాలి లెక్కలోకి రాదు. స్లోలో ఇంజిన్‌కు కావాల్సిందే కొద్ది గాలి కాబట్టి, అప్పుడు మిశ్రమం పలచబడి ఇంజిన్ ఆగిపోతుంది. దాన్ని సరిచేయడానికి మెకానిక్ మిశ్రమం స్క్రూను తిప్పుతాడు, పెట్రోలు ఎక్కువవుతుంది, మైలేజీ పడిపోతుంది. రంగు వేసి, ప్యాకింగులు మార్చి అమ్మే రీకండిషన్‌లో ఈ అరుగుదలను ముట్టుకునేవారు తక్కువ. ఆ పనికి లేత్, రీమర్, ఓపిక మూడూ కావాలి మరి. రంధ్రాన్ని కొంచెం పెద్దదిగా, గుండ్రంగా తొలిచి కంచు బుష్ దిగ్గొట్టాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట చేయి తిరిగిన లేత్ పనివాడికి ఇదేమీ కొత్త కాదు. తిరిగి బిగించేటప్పుడు థ్రాటిల్ పలక స్క్రూల కొసలను తప్పక అణచాలి. వదులైన స్క్రూ నేరుగా ఇంజిన్‌లోకే జారుతుంది.

బాడీ అంచు కూడా చూడాలి. ఎవరో బలంకొద్దీ బోల్టులు బిగించి ఉంటే జింకు మిశ్రలోహం వంగుతుంది. మందపాటి అద్దం మీద ఎమరీ కాగితం పరిచి, అంచును దానిపై నెమ్మదిగా రుద్దితే ఎత్తుపల్లాలు బయటపడతాయి, సమమూ అవుతాయి. ఆ వంకరను దాచడానికి పాత చేతులు పూసిన పేస్టు సన్నని దారుల్లోకి పాకి గట్టిపడి ఉండవచ్చు. ఇసుకో గాజుపూసలో చిమ్మి శుభ్రం చేసి ఉంటే ఆ రేణువులూ అక్కడే చిక్కుకుంటాయి. ప్రతి దారిలోకీ గాలి కొట్టి, అవతలి కొసన వస్తోందో లేదో చూడటం తప్ప దగ్గరి దారి లేదు.

పెట్రోలు వాసన విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. వేడి ఇంజిన్ మీద కారే పెట్రోలు మంటకు దారి. ఇత్తడి ఫ్లోట్‌ను వేడినీళ్లలో ముంచితే, చిల్లుంటే బుడగలు వస్తాయి. నీడిల్ వాల్వ్ కింద పెట్టే వాషర్ మందమే గిన్నెలో పెట్రోలు మట్టాన్ని నిర్ణయిస్తుంది. పాత రిపేరులో ఏదో ఒక వాషర్ పెట్టి ఉంటే, మట్టం పెరిగి గొంతులోకి పొంగుతుంది.

ఇప్పుడు పెట్రోలే మారింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై దేశమంతటా విస్తరించింది. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది కనుక గ్రాముకు 9 గ్రాముల గాలి చాలు. 20 శాతం మిశ్రమానికి ఆ లెక్క సుమారు 13.5. అంటే అదే పాత జెట్‌తో మిశ్రమం 8 శాతం దాకా పలచబడుతుంది. 1.20కి బదులు 1.25 జెట్ పెడితే వైశాల్యం సుమారు 8.5 శాతం పెరిగి లోటు పూడుతుంది. డ్రిల్ పెట్టినవాడి 1.30 మాత్రం ఇప్పటికీ ఎక్కువే. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ జింకును తిని తెల్లటి పొడిగా మారుస్తుంది. పాతకాలపు రబ్బరు కొన్ని ఉబ్బి మెత్తబడతాయి. అందుకే నీడిల్ కొన, డయాఫ్రం, గొట్టాలు ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరువి వేయాలి. నెలల తరబడి ఆపేసే కారైతే గిన్నె ఖాళీ చేసి ఉంచడం మంచిది.

చివరి ట్యూనింగ్ చెవితో కంటే యంత్రంతో నమ్మకం. పాత పెట్రోలు కార్లకు పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు. అదే యంత్రాన్ని పరీక్ష పాసవడానికే కాక, మిశ్రమం స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ సరైన చోటు వెతకడానికీ వాడుకోవచ్చు. ఆపై కొన్ని రోజులు తిప్పి ప్లగ్గు తీసి చూడాలి. మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, సున్నంలా తెల్లబడితే తక్కువ. లేత గోధుమ రంగులో ఉంటే, జెట్ల అంకెలు, వాషర్ మందం, స్క్రూ చుట్లు ఓ కాగితం మీద రాసి కారులోనే ఉంచుకోవచ్చు. మూడోసారి విప్పేవారికి అది పనికొస్తుంది.