ముడి విప్పితే సున్నలు

జపాను వాళ్లు తెల్లగుడ్డకు ముడులేసి రంగులో ముంచుతారు. దాన్ని షిబోరి అంటారు. నగోయా పట్నం దగ్గర 1608లో అరిమత్సు అనే ఊరు కట్టారు. అక్కడి నేల సేద్యానికి పనికిరాలేదు. అందుకని ఊరోళ్లు తువ్వాళ్లకు ఇట్లా రంగులద్ది, బాటసారులకు అమ్మి బతికారు.

దారం గట్టిగా చుట్టినకాడికి రంగు పోదు. అంతే కిటుకు! నీలిమందులోంచి తీసినప్పుడు గుడ్డ ఆకుపచ్చగా ఉంటది, గాలి తగిలినంక నీలమయితది.

నా తెల్ల ఓణీకి మరక పడింది. అమ్మ కూలిడబ్బులతో కొన్నది, పారెయ్య బుద్ధి కాలేదు. సెలవుల్లో చింతగింజలు పెట్టి దారంతో కట్టిన. సంతలో కొన్న నీలం రంగుపొడి, ఉప్పు వేసి మరిగించి ముంచిన. ఆరినంక విప్పితే గింజకో తెల్లసున్న! మరక ఎక్కడుందో నాకే దొరకలేదు.

వార్డెన్ మేడంగారూ, పాతగిన్నె ఒకటి ఇప్పిస్తే ఆదివారం అందరివీ అద్దుతాం.